ఉప్పు నుంచి నాడి దాకా: ఫిజియాలజీని వరస తప్పకుండా చదివే పద్ధతి

ఒడిశాలోని రాయగడలో సాయంత్రం పూట నా దగ్గర చదువుకునేవాళ్లలో ఎక్కువమంది నర్సింగ్, ఫార్మసీ మొదటి సంవత్సరం పిల్లలు. గుణుపురం నుంచి, పర్లాకిమిడి నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉన్నారు. ఫిజియాలజీ, అంటే శరీరం పనిచేసే తీరు చెప్పే పాఠం మీద ప్రశ్న మాత్రం ఏటా ఒక్కటే. "సార్, ఫిజియాలజీ ఎంత బట్టీ పట్టినా మూడో రోజుకు గుర్తుండటం లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఇందులో లేవు. కణంలోని రసాయనాల దగ్గర బయలుదేరి నాడీ వ్యవస్థ దగ్గర ఆగే దారి ఇది. చాలామంది నాడీ వ్యవస్థను చివరికి వదిలేస్తారు, పరీక్ష దగ్గరపడ్డాక టెన్షన్ పడతారు. నా మటుకు నేను దాన్ని ముందే చెబుతాను. అది వచ్చినవాళ్లకు గుండె పాఠం సగం రోజుల్లో అయిపోతుంది. రోజుకు గంటన్నర చొప్పున ఆరు వారాలు పక్కన పెట్టుకోండి.

1. ముందుగా సర్దుకోవలసినవి

□ గీతలు లేని తెల్లకాగితాల నోటుపుస్తకం. ఇందులో బొమ్మలే ఎక్కువ ఉంటాయి.
□ ఎర్ర పెన్ను, నీలం పెన్ను. సోడియం ఎప్పుడూ ఎరుపు, పొటాషియం ఎప్పుడూ నీలం. ఆరు వారాలూ రంగులు మార్చకూడదు.
□ ఒకే ఒక్క పాఠ్యపుస్తకం.
□ 30 సెంటీమీటర్ల స్కేలు, ఒక బంగాళదుంప, ఉప్పు.
□ ఫోన్‌లో లాగ్ మీట ఉన్న క్యాలిక్యులేటర్.

ఒక్క పుస్తకమే అని ఎందుకంటున్నానంటే, పుస్తకం మారితే అంకె మారుతుంది. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఖర్చయితే 38 ఏటీపీలు (కణం ఖర్చు పెట్టుకునే శక్తి నాణేలు) వస్తాయని పాత పుస్తకాలు రాస్తాయి. కొత్తవి 30 నుంచి 32 అంటాయి. రెండూ ముందేసుకుని కూర్చున్న పిల్లలు పాఠం వదిలేసి ఏది నిజమని వాదించుకుంటారు. మీ కాలేజీ చెప్పిన పుస్తకం పట్టుకోండి, అనుమానం వస్తే మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పొండి.

2. మూడు భాషల పట్టిక

మన ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీ పుస్తకంలో ఇంగ్లీషు. దీన్ని మన పిల్లలు లోపం అనుకుంటారు. అసలు చిక్కు భాషలు మూడైనందుకు కాదు, ఒకే మాట ఒక్కో భాషలో ఒక్కో అవయవం కావడం వల్ల.

నా సంగతే చెబుతాను. ప్లస్ టూ పరీక్షలో ఒడియా ప్రశ్నపత్రంలో 'స్నాయు' అని కనబడింది. మనకు స్నాయువంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు కదా. దాని మీద ఒకటిన్నర పేజీ రాసి హాయిగా బయటికొచ్చాను. వాళ్లు అడిగింది నాడి గురించి.

అందుకని నోటుపుస్తకం వెనక నాలుగు పేజీలు ఈ పట్టికకు వదలండి. మొదటి వరసలు ఇవి.

- సెల్: తెలుగులో కణం, ఒడియాలో కోష, మరాఠీలో పేశి.
- మజిల్: తెలుగులో కండరం, ఒడియాలో పేశీ, మరాఠీలో స్నాయు.
- నర్వ్: తెలుగులో నాడి, ఒడియాలో స్నాయు, మరాఠీలో మజ్జాతంతు.
- టెండన్: తెలుగులో స్నాయువు.

మరాఠీ ఎందుకంటారా? మహారాష్ట్రలోని సిరోంచా, కిన్వట్ వైపు తెలుగు పిల్లలకు ఇదే తలనొప్పి, కాకపోతే మాటలు అటూ ఇటూ అవుతాయి. అక్కడ 'పేశి' అంటే కణం, మన పక్క ఒడియాలో అదే మాటకు అర్థం కండరం.

తెలుగులోనూ ఒక గుంట ఉంది. ఇంట్లో మనం 'నరం' అనే మాటను దేనికైనా వాడేస్తాం. 'నరానికి ఇంజెక్షన్ వేశారు' అన్నప్పుడు అది రక్తం మోసే సిర. 'నరాల బలహీనత' అన్నప్పుడు నాడి. 'నాడి చూడటం' అంటే మళ్లీ ధమని కొట్టుకోవడం. చదువులో మాత్రం ఒక మాటకు ఒకటే అర్థం పెట్టుకోండి. రక్తాన్ని గుండెకు తెచ్చేది సిర, గుండె నుంచి తీసుకెళ్లేది ధమని, సంకేతం మోసేది నాడి. 'నరం' ఇంటి మాటగానే ఉండనివ్వండి.

3. ప్రతి పాఠానికీ నాలుగు ప్రశ్నలు

నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

1) లోపల ఎంత?
2) బయట ఎంత?
3) దారి ఏది?
4) ఖర్చు ఎవరిది?

కణానికి లోపల, బయట అని రెండు వైపులున్నాయి. రెండు వైపులా ఒకే సరుకు ఒకే కొలతలో ఉంటే శరీరంలో ఏ పనీ జరగదు. తేడా ఉండాలి, ఆ తేడాను నిలబెట్టడానికి ఎవరో శక్తి ఖర్చు పెట్టాలి. దారి తెరిస్తే సరుకు కదులుతుంది. సెలైన్ బాటిలైనా, ఓఆర్ఎస్ ప్యాకెట్టయినా, పాము కాటయినా ఈ నాలుగు ప్రశ్నలకు లొంగుతుంది. కింద వచ్చే ప్రతి మెట్టులో వీటికి జవాబు రాశాకే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

4. మొదటి మెట్టు: నీళ్లు, ఉప్పులు

70 కిలోల మగమనిషిలో నీళ్లు సుమారు 42 లీటర్లు. అందులో 28 లీటర్లు కణాల లోపల, 14 లీటర్లు బయట. ఆ పద్నాలుగులో రక్తంలోని ప్లాస్మా మూడు, మూడున్నర లీటర్లే.

ఒక పేజీలో పెద్ద గడి గీయండి. గడి లోపల కణం, బయట కణం చుట్టూ ఉన్న ద్రవం. లీటరుకు ఎన్ని మిల్లీమోళ్లో (ఎన్ని కణికలున్నాయో చెప్పే కొలత) రెండు వైపులా రాయండి.

- సోడియం: బయట 140, లోపల 14.
- పొటాషియం: బయట 4, లోపల 140.
- క్లోరైడ్: బయట 105 దాకా, లోపల చాలా తక్కువ.
- స్వేచ్ఛగా తిరిగే కాల్షియం: బయట 1.2, లోపల 0.0001.

ఇవి చేత్తో లెక్క వేసుకోవడానికి వీలుగా పట్టిన గుండు అంకెలు. మీ పుస్తకంలో లోపలి సోడియం 10 అనో 12 అనో ఉండవచ్చు. రోజూ పొద్దున లేవగానే ఈ గడి గీయండి. వారం తిరిగేసరికి చేయి దానంతటదే గీస్తుంది. ఈ మార్గదర్శిలో బట్టీ పట్టమని నేను చెప్పే పేజీ ఇదొక్కటే.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఆవకాయ పెట్టిన ఇల్లయితే ఈ పాఠం మీకు సగం తెలుసు. మామిడి ముక్కలకు ఉప్పు కలిపి జాడీలో పెడితే మూడో రోజుకు ఊట ఊరుతుంది. ఆ నీళ్లు మనం పోసినవి కావు, ముక్కలోంచి వచ్చినవి. ఉప్పు ఎక్కువున్న వైపుకు నీళ్లు నడిచాయి. పరీక్షలో దీని పేరు ఆస్మోసిస్.

చేసి చూడండి: బంగాళదుంపను రెండు సమానమైన చక్రాలుగా కోసి, ఒకటి మంచినీళ్ల గ్లాసులో, ఇంకొకటి రెండు చెంచాల ఉప్పు కలిపిన గ్లాసులో వేయండి. గంట తర్వాత వంచితే మంచినీళ్లది గట్టిగా ఉంటుంది, ఉప్పునీళ్లది మెత్తగా వంగుతుంది.

దీన్ని వార్డులోకి తీసుకెళ్లండి. నార్మల్ సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంటే సోడియం 154, క్లోరైడ్ 154 మిల్లీమోళ్లు. రక్తంతో దాదాపు తూగుతుంది కాబట్టి ఎర్రకణం ఉబ్బదు, ముడుచుకోదు. దాని బదులు ఉత్త డిస్టిల్డ్ వాటర్ సిరలోకి ఎక్కిస్తే నీళ్లు ఎర్రకణంలోకి దూరి అది పగిలిపోతుంది.

ఇక్కడ పడే తప్పు: మిల్లీమోల్, మిల్లీఈక్వివలెంట్ (ఛార్జీలను లెక్కపెట్టే కొలత) ఒకటే అనుకోవడం. సోడియం, పొటాషియం విషయంలో రెండూ సమానమే. కాల్షియానికి రెండు ఛార్జీలు, కాబట్టి 1 మిల్లీమోల్ అంటే 2 మిల్లీఈక్వివలెంట్లు.

5. రెండో మెట్టు: ప్రోటీన్ అంటే ఆకారం

పిండిపదార్థాలు, కొవ్వులు, న్యూక్లియిక్ ఆమ్లాలు మీ పుస్తకంలో చూసుకోండి, ఒక్కోదానికి ఒక్క రోజు చాలు. ప్రోటీన్ దగ్గర మాత్రం మూడు రోజులు ఆగండి. ఇకముందు వచ్చే దారులు, పంపులు, ఎంజైములు అన్నీ ప్రోటీన్లతో కట్టినవే.

పట్టుకోవలసిన మాట ఒక్కటి. ప్రోటీన్ అమైనో ఆమ్లాల దండ. దండలో పూసల వరసను బట్టి అది ముడుచుకునే తీరు, ఆ తీరును బట్టి అది చేసే పని.

దీనికి మన జిల్లాల్లో దూరంగా వెతకాల్సిన పని లేదు. రాయగడ, కొరాపుట్ వైపు, అటు గడ్చిరోలిలో సికిల్ సెల్ పరీక్ష చేయించుకున్నవాళ్లు చాలామంది కనబడతారు. హిమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు, రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా గొలుసులో 146 పూసలు. అందులో ఆరో పూస గ్లూటామిక్ ఆమ్లం. దాని స్థానంలో వాలీన్ వస్తే సికిల్ హిమోగ్లోబిన్.

గ్లూటామిక్ ఆమ్లానికి ఛార్జి ఉంది, నీళ్లతో స్నేహంగా ఉంటుంది. వాలీన్‌కు నీళ్లు గిట్టవు. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్లలో ఆ వాలీన్ పక్క హిమోగ్లోబిన్‌లోని గుంటలో అతుక్కుంటుంది. ఒకదానికొకటి అతుక్కుని పొడుగు పుల్లలైపోతాయి, ఎర్రకణం కొడవలిలా వంగుతుంది, సన్న రక్తనాళంలో ఇరుక్కుంటుంది, ఎముకలు నొప్పి పుడతాయి. ఒక్క పూస నుంచి నొప్పి దాకా ఉన్న ఈ గొలుసును బాణాలతో గీయండి. వైవాలో (నోటితో చెప్పే పరీక్షలో) అడిగితే బాణాల వరసలోనే చెప్పండి.

6. మూడో మెట్టు: త్వచం, దారులు, పంపు

కణత్వచం (కణం చుట్టూ ఉండే పొర) రెండు వరసల కొవ్వు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దాన్ని దాటిపోతాయి. సోడియం, పొటాషియం లాంటి ఛార్జి ఉన్నవి దాటలేవు. వాటికి ప్రోటీన్‌తో కట్టిన దారి కావాలి.

దారులు మూడు రకాలని పెట్టుకోండి.

- ద్వారం: తెరుచుకుంటే సరుకు ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు పోతుంది. ఖర్చు లేదు.
- పంపు: తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నెడుతుంది. ఏటీపీ ఖర్చు.
- జోడు దారి: ఒకటి దిగుతూ ఇంకొకదాన్ని వెంట లాక్కుపోతుంది. ఖర్చు ఉంది, కానీ పంపు ముందే కట్టేసింది.

పంపుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది సోడియం పొటాషియం పంపు. ఒక ఏటీపీ ఖర్చుతో మూడు సోడియాలను బయటికి, రెండు పొటాషియాలను లోపలికి. మొదటి మెట్టులో గీసిన 140, 14 తేడాను నిలబెట్టేది ఇదే.

జోడు దారి చాలామందికి అర్థం కాదు. ఓఆర్ఎస్‌తో చూడండి. 2007లో రాయగడ, కొరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా వచ్చిన రోజులు మన ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తే. విరేచనాల్లో నీళ్లు పోతున్న మనిషికి ఉత్త నీళ్లు తాగిస్తే ఎందుకు చాలవు, ఉప్పూ గ్లూకోజూ కలిపితే ఎందుకు నిలబడతాడు?

పేగు కణంలో ఒక జోడు దారి ఉంది. రెండు సోడియాలు, ఒక గ్లూకోజ్ కలిసి వస్తేనే అది లోపలికి వదులుతుంది. కణం లోపల సోడియం తక్కువ కాబట్టి సోడియం దిగుతుంది, గ్లూకోజ్‌ను వెంట తెస్తుంది. కణానికి అవతలి పక్క, రక్తం వైపు, పంపు ఆ సోడియాన్ని బయటికి తోసేస్తుంది. ఉప్పు ఎటు పోతే నీళ్లు అటు, ఆవకాయ జాడీలో చూసిన సూత్రమే. కలరా విషం ఈ జోడు దారిని పాడుచేయదు, అందుకే ఓఆర్ఎస్ పనిచేస్తుంది.

ఇప్పటి ఓఆర్ఎస్‌లో లీటరుకు సోడియం 75, గ్లూకోజ్ 75 మిల్లీమోళ్లు, మొత్తం గాఢత 245. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లే పోయాలి. బిడ్డ చిన్నవాడని ఒక గ్లాసులో ప్యాకెట్టంతా కలిపితే పేగులో గాఢత పెరిగి, నీళ్లు లోపలికి రావడం పోయి బయటికే వెళ్తాయి.

నాలుగు ప్రశ్నలకూ ఇక్కడ జవాబు రాసి చూడండి. 'ఖర్చు ఎవరిది' దగ్గర 'పంపుది' అని రాసినవాళ్లకు పాఠం వచ్చినట్టే.

7. ఏటీపీ ఎక్కడిది

దీని మీద రెండు రోజులు దాటొద్దు. గ్లూకోజ్ మొదట కణద్రవంలో రెండుగా విరుగుతుంది, అక్కడ నికరంగా 2 ఏటీపీలు. మిగిలింది మైటోకాండ్రియాలో, ఆక్సిజన్ ఉంటేనే. అక్కడ జరిగే చర్యల వరస అయిన క్రెబ్స్ చక్రంలోని ప్రతి ఆమ్లం పేరూ బయోకెమిస్ట్రీ పేపరుకు కావాలి, ఈ దారికి అక్కర్లేదు. ఎర్రకణంలో మైటోకాండ్రియా ఉండదు, కాబట్టి అది ఆ రెండు ఏటీపీలతోనే బతుకుతుంది. ఈ ఒక్క వాక్యం పరీక్షల్లో తరచుగా వస్తుంది.

8. నాలుగో మెట్టు: కూర్చున్న కణంలో కరెంటు

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, మెల్లగా నడవండి.

కదలకుండా ఉన్న నాడీకణం త్వచంలో పొటాషియం దారులు కొన్ని ఎప్పుడూ తెరిచే ఉంటాయి, సోడియం దారులు దాదాపు మూసి ఉంటాయి. లోపల 140 ఉన్న పొటాషియం బయటికి కారుతుంది. పొటాషియానికి ధన ఛార్జి. అది బయటికి పోయేకొద్దీ లోపల ఋణంగా మారుతుంది. ఆ ఋణం మళ్లీ పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. పోయే బలం, లాగే బలం ఎక్కడ సమానమవుతాయో లెక్క కట్టొచ్చు.

లెక్క: 61ని, బయటి అంకెను లోపలి అంకెతో భాగిస్తే వచ్చిన దాని లాగ్‌తో గుణించాలి. జవాబు మిల్లీవోల్టుల్లో.

- సోడియం: 140ని 14తో భాగిస్తే 10. పది లాగ్ 1. జవాబు +61.
- పొటాషియం: 4ను 140తో భాగించి లాగ్ తీస్తే −1.54. జవాబు సుమారు −94.

నాడీకణం విశ్రాంతిలో −70 దగ్గర ఉంటుంది. అంటే పొటాషియం ఇంటికి (−94కు) దగ్గరగా, సోడియం ఇంటికి (+61కి) చాలా దూరంగా. కొంచెం సోడియం లోపలికి కారడం వల్లే −94 కాకుండా −70 దగ్గర ఆగింది.

ఇప్పుడు బయటి పొటాషియాన్ని 4 నుంచి 8కి పెంచి లెక్క మళ్లీ వేయండి. −76 వస్తుంది. లోపలి అంకెను ముట్టుకోలేదు, బయట నాలుగు పెరిగితేనే 18 మిల్లీవోల్టులు జరిగింది. పొటాషియం క్లోరైడ్ ఇంజెక్షన్‌ను పలచన చేయకుండా సిరలోకి ఎప్పుడూ ఎక్కించకూడదని వార్డులో సిస్టర్లు ఎందుకంత గట్టిగా చెబుతారో ఈ లెక్కలో ఉంది. గుండె కణాల త్వచం కూడా ఇదే లెక్కకు కట్టుబడి ఉంటుంది, అది తప్పితే గుండె లయ తప్పి ఆగిపోతుంది.

తరచుగా పడే తప్పులు, వాటికి మందు:

- '−70 అంటే కరెంటు తక్కువ' అనుకోవడం. బయటిదాన్ని సున్నా అనుకుంటే దానితో పోల్చి లోపల 70 మిల్లీవోల్టులు ఋణం అని అర్థం. ప్రతి బొమ్మలో బయట 0 అని రాయండి.
- '−70ను పంపు ఒక్కటే తయారుచేస్తుంది' అనుకోవడం. పంపు నేరుగా ఇచ్చే వాటా కొద్దిదే. అది చేసే పెద్ద పని అంకెల తేడాను కాపాడటం. వోల్టేజీ ముఖ్యంగా పొటాషియం కారడం వల్ల.

9. ఐదో మెట్టు: సంకేతం పుట్టడం

ఒక పేజీ అడ్డంగా తిప్పి గ్రాఫు గీయండి. నిలువు గీత మీద −90 నుంచి +60 దాకా, అడ్డం గీత మీద మిల్లీసెకన్లు. ఈ వరసలోనే గీయాలి.

1) −70 దగ్గర సమాంతర గీత.
2) ప్రేరణ తగలగానే గీత మెల్లగా పైకి. −55 దగ్గర చుక్క పెట్టండి.
3) చుక్క దాటగానే సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఎర్ర పెన్నుతో గీత +30 దాకా నిలువునా లేపండి.
4) పైన చేరేసరికి సోడియం ద్వారంలో ఉన్న రెండో తలుపు మూసుకుంటుంది, పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి. నీలం పెన్నుతో గీత కిందికి.
5) గీత −70 దాటి ఇంకొంచెం దిగి, తిరిగి −70కి రావాలి.

అంతా కలిపి ఒకటి రెండు మిల్లీసెకన్లు. −55 చేరకపోతే ఏమీ జరగదు, చేరితే పూర్తిగా జరుగుతుంది.

రెండో తలుపును చాలామంది బొమ్మలో వదిలేస్తారు. అది మూసి ఉన్నంతసేపు ఆ చోట కొత్త సంకేతం పుట్టదు. అందుకే సంకేతం ముందుకే పోతుంది, వెనక్కి మళ్లదు. పన్ను పీకే ముందు ఇచ్చే మత్తుమందు లిగ్నోకైన్ ఈ సోడియం ద్వారాలనే అడ్డుకుంటుంది. ద్వారం తెరుచుకోకపోతే మూడో గీత లేవదు, నొప్పి కబురు మెదడుకు చేరదు.

నా దగ్గర పదిమందిలో ఆరుగురు నాలుగో గీత దగ్గర 'పంపు సోడియాన్ని బయటికి తోస్తుంది' అని రాస్తారు. కాదు. గీతను దించేది పొటాషియం బయటికి పోవడమే. ఒక సంకేతానికి దాటే అయాన్లు ఎంత కొద్దివంటే గడిలోని 140, 14 అంకెలు కనబడేంతగా మారవు. పంపును ఆపేసినా చాలా సంకేతాలు నడుస్తాయి.

పేగులో గ్లూకోజ్‌ను లాగింది ఏ తేడానో ఇక్కడ గీతను లేపింది కూడా ఆ తేడానే. ఆరో విభాగం బొమ్మ పక్కన ఈ పేజీ సంఖ్య రాసి పెట్టుకోండి.

10. వేగం: స్కేలుతో ఒక ఆట

మైలిన్ అనే కొవ్వు తొడుగున్న లావు నాడీతంతువుల్లో సంకేతం సెకనుకు 120 మీటర్ల దాకా పోతుంది. తొడుగు లేని సన్నవాటిలో అర మీటరు నుంచి రెండు మీటర్లు. కాలి బొటనవేలు గడపకు తగిలితే ముందు చురుక్కుమంటుంది, ఒక సెకను తర్వాత మంట మొదలవుతుంది. తొడుగున్నది ముందు చేరింది, లేనిది నడుచుకుంటూ వచ్చింది.

చేసి చూడండి: స్నేహితుణ్ణి స్కేలు నిలువుగా పట్టుకోమని, మీ వేళ్లు సున్నా దగ్గర తెరిచి ఉంచండి. చెప్పకుండా వదలమనండి. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే మీకు పట్టిన సమయం 0.2 సెకన్లు. అదే మోకాలి కింద తడితే కాలు ఎగరడం ఇంతకన్నా చాలా త్వరగా అయిపోతుంది, ఎందుకంటే ఆ దారి వెన్నుపాము దాకా వెళ్లి ఒకే ఒక్క సైనాప్స్ (నాడీకణం పక్క కణానికి కబురందించే సందు) దాటి వెనక్కి వస్తుంది. స్కేలు ఆటలో కన్ను, మెదడు, చేయి అన్నీ ఉన్నాయి.

11. ఆరో మెట్టు: సైనాప్స్

నాడి చివర, కండరం మొదలు మధ్య సన్న సందు ఉంటుంది. సంకేతం ఆ సందు దూకదు, రసాయనం రూపంలో దాటుతుంది. వరస ఇది.

1) సంకేతం నాడి చివరికి చేరుతుంది.
2) కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. బయట 1.2, లోపల 0.0001, కాబట్టి ఎటు పోతుందో మీకే తెలుసు.
3) చిన్న సంచులు తెరుచుకుని వాటిలోని ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం సందులోకి విడుదలవుతుంది.
4) అది కండరం మీది గ్రాహకాన్ని (రసాయనాన్ని అందుకునే ప్రోటీన్‌ను) పట్టుకుంటుంది, సోడియం దూరుతుంది, కండరం ముడుచుకుంటుంది.
5) ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ మిగిలినదాన్ని విరిచేస్తుంది.

ఈ ఐదు అడుగులూ గుర్తుండాలంటే, ఒక్కో అడుగును చెడగొట్టేది ఏదో నేర్చుకోవడమే నాకు తెలిసిన మంచి దారి. అవన్నీ మన పొలాల్లో ఉన్నవే.

కట్లపాము విషం మూడో అడుగును కొడుతుంది, నాడి చివరను పాడుచేస్తుంది. నాగుపాము విషం నాలుగో అడుగును, గ్రాహకాన్ని మూసేస్తుంది. రెండింటిలోనూ ముందు కనురెప్పలు వాలతాయి, తర్వాత మింగడం కష్టమవుతుంది, చివరికి ఊపిరి కండరాలు ఆగుతాయి. కట్లపాము కాటు చోట నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారి రెప్పలు ఎత్తలేకపోతుంటే కాటు కనబడలేదని ఆగకూడదు. కోయడం, గట్టిగా కట్టడం ఏదీ వద్దు, కదలకుండా ఉంచి విషవిరుగుడు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

ఆర్గానోఫాస్ఫరస్ పురుగులమందు ఐదో అడుగును కొడుతుంది. ఎంజైమ్ పనిచేయక ఎసిటైల్‌కోలిన్ పోగుపడుతుంది. నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, చెమట, సూదిమొనంత కంటిపాప, కండరాల అదురు. అట్రోపిన్ ఇస్తే చొంగ, ఛాతీలో గురగుర తగ్గుతాయి. కండరాల బలహీనత తగ్గదు, ఎందుకంటే కండరం మీది గ్రాహకం వేరే రకం, అట్రోపిన్ దాన్ని ముట్టుకోదు.

12. మొత్తం పటం ఒక్క కాగితం మీద

ఇక నాడీ వ్యవస్థను గీయవచ్చు. పేర్లు చాలా కనబడతాయి కానీ యంత్రం మీకు వచ్చేసింది.

□ మధ్యలో మెదడు, వెన్నుపాము. మెదడు నుంచి 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతలు (8 మెడ, 12 ఛాతీ, 5 నడుము, 5 త్రికం అంటే నడుము కింది ఎముక, 1 చివరిది).
□ ఎడమవైపు నుంచి లోపలికి వచ్చే జ్ఞాననాడులు, కుడివైపు నుంచి బయటికి పోయే చాలకనాడులు.
□ నొప్పి కబురు వెన్నుపాములోనే పక్క మారుతుంది, సన్నని స్పర్శ కబురు మజ్జాముఖంలో (మెదడు అడుగు భాగంలో) మారుతుంది. ఈ రెండు అడ్డగీతలూ వేరే ఎత్తుల్లో గీయండి.
□ సహానుభూత (సింపథెటిక్) నాడులు ఛాతీ 1 నుంచి నడుము 2 దాకా. వాటికి ఎదురు పనిచేసే సహానుభూత పర (పారాసింపథెటిక్) నాడులు కపాల నాడులు 3, 7, 9, 10తో, త్రికం 2 నుంచి 4తో.

సహానుభూత వ్యవస్థ ఏం చేస్తుందో పుస్తకం చూడక్కర్లేదు. వైవా గది బయట నిలబడినప్పుడు గుండె దడ, నోరు ఎండటం, అరచేతుల్లో చెమట, అదంతా అదే. ఒక్క మెలిక ఉంది. సహానుభూత నాడులు చివర్లో మామూలుగా నారెపినెఫ్రిన్ అనే రసాయనం వదులుతాయి, చెమట గ్రంథుల దగ్గర మాత్రం ఎసిటైల్‌కోలిన్. పురుగులమందు తాగిన మనిషికి చెమట ఎందుకు పోస్తుందో ఇప్పుడు కలిసింది కదా.

13. వారాల లెక్క, చివరి పరీక్ష

మొదటి వారం పట్టికలు, గడి. రెండో వారం ప్రోటీన్లు, త్వచం. మూడు, నాలుగు వారాలు ఎనిమిదో, తొమ్మిదో విభాగాలకే. ఐదో వారం సైనాప్స్. ఆరో వారం పటం. ఏ వారమైనా వెనకబడితే ఏటీపీ రోజులు కోసేయండి, గ్రాఫు రోజులు మాత్రం వద్దు.

ఇంట్లో ఎవరికైనా, పదో తరగతి చదివే చెల్లికైనా సరే, తెలుగులో చెప్పి చూడండి. ఆగిపోయిన చోటే మీకు రాని చోటు. తర్వాత అదే ఇంగ్లీషులో రాయండి. ముందు ఇంగ్లీషులో బట్టీ పట్టి తర్వాత అర్థం వెతుక్కోవడం కన్నా ఇది తక్కువ సమయం తీసుకుంటుంది.

పుస్తకం మూసి ఈ మూడింటికి బొమ్మ గీసి జవాబు చెప్పండి.

□ ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ వేయకుండా ఉప్పు మాత్రమే వేస్తే ఏమవుతుంది?
□ బయటి పొటాషియం 2కి పడిపోతే లెక్క ఎంత వస్తుంది, కణం త్వరగా స్పందిస్తుందా, కష్టంగానా?
□ నియోస్టిగ్మిన్ అనే మందు ఐదో అడుగులోని ఎంజైమ్‌ను కొంతసేపు ఆపుతుంది. నాగుపాము కాటులో అది సాయపడుతుంది, కట్లపాము కాటులో పెద్దగా పనిచేయదు. ఎందుకు?

మూడోదానికి జవాబు రాకపోతే పదకొండో విభాగంలోని మూడు, నాలుగు అడుగులు మళ్లీ గీయండి. వస్తే గుండె పాఠం తెరవండి, అక్కడ ముందుగా కాల్షియం ఎటు కదులుతుందో చూడండి.